ముల్లు సున్నాకి రావాలి

ఆ ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ యుద్ధం వద్దన్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒకడు కావాలనీ ఇంకొకడు వద్దనీ అంటే జనానికి పని తేలిక. వీధి గోడల మీద చూస్తే మూడు పోస్టర్లు పక్కపక్కనే అంటించి ఉన్నాయి. మొదటిదాని మీద "యుద్ధం వద్దు", రెండోదాని మీద "యుద్ధం వద్దు", మూడోదాని మీద "యుద్ధం వద్దే వద్దు". ఆ మూడోదాంట్లో ఉన్న పట్టుదల అభ్యర్థిది కాదు, కాగితం మీద ఖాళీ మిగిలిందని అచ్చువేసినాయన కలిపిన ముక్క.

సముద్రానికి అవతల ఒక దేశం ఉంది. అక్కడ రెండు వర్గాలు ఒక రేవు కోసం కొట్టుకుంటున్నాయి. మధ్యలో దూరి తగవు తీర్చాలని దిగిపోతున్న అధ్యక్షుడికి మహా ముచ్చటగా ఉండేది. ఓడ సిద్ధం చేయించాడు, సైన్యానికి కొత్త బూట్లు పురమాయించాడు, కాగితం కూడా రాయించాడు. సంతకం పెట్టేలోపు గడువు అయిపోయింది. ఆ కాగితం కొత్తగా వచ్చేవాడి కోసం బల్ల మీద ఎదురుచూస్తోంది. పక్కనే గాజుపెట్టెలో లావుపాటి నల్ల పెన్ను. యుద్ధపు కాగితం మీద ఆ ఒక్క పెన్నుతోనే సంతకం పెట్టాలని వాళ్ళ చట్టం.

జనం ఎన్నికల ఆఫీసుకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. "ముగ్గురూ ఒకే పాట పాడితే మేం ఎవరికి వేసి చావాలి?" అని. ఆఫీసు తల గోక్కుని ఒక ఉత్తర్వు తీసింది. చెప్పే మాట ఒకటే కాబట్టి, ఎందుకు చెబుతున్నారో చూడాలి. ముగ్గురి ఉద్దేశాలనీ పోల్చి, పట్టిక వేసి, ప్రతి పోలింగు గదిలోనూ తగిలించాలి.

పట్టిక ఎవరు వెయ్యాలి? ఆరోగ్యశాఖ, ఉద్దేశం శరీరంలో భాగం కాదంది. వ్యవసాయశాఖ, అది పంట కాదంది. తపాలాశాఖ మాత్రం అడ్రసు రాసి ఉంటే చేరవేస్తామంది. చివరికి ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు తూనికలు కొలతల శాఖ మీద పడింది. కారణం ఒక్కటే. పట్టిక వేశాక అభ్యర్థులు దాన్ని గీకి మార్చకుండా సీలు వెయ్యాలి. సీసపు సీళ్ళూ, వాటిని నొక్కే పట్టకారూ ఉన్నది ఆ ఒక్క ఆఫీసులోనే.

అలా ఆ పని ఇన్‌స్పెక్టరమ్మ చేతికొచ్చింది.

ఇరవయ్యారేళ్ళ సర్వీసు ఆవిడది. తోలు సంచిలో ఇత్తడి రాళ్ళ పెట్టె, తీగచుట్ట, సీసపు పూసలు, పట్టకారు, ఎర్రచీటీల కట్ట. సంచి మోసి మోసి కుడిభుజం ఎడమదానికంటే ఒక వేలెడు కిందికి దిగింది. వాళ్ళ శాఖకి నల్లట్ట నిబంధనల పుస్తకం ఒకటుంది. అందులో మొదటి నిబంధన, గీతలున్న ప్రతి వస్తువూ మన పరిధే. కొలబద్ద, పాలసీసా, మందు పోసే చిన్నగిన్నె, ఏదైనా సరే. రెండోది, ముల్లు సున్నాకి రావాలి.

ఈ రెండోది కాస్త విప్పి చెప్పాలి. తక్కెడని పరీక్షించేటప్పుడు ఖాళీ పళ్ళెంతో ముల్లు సున్నా మీద ఉందో లేదో చూస్తారు. రాయి పెడతారు. రాయి తీసేస్తారు. తీసేశాక ముల్లు మళ్ళీ సున్నాకి వస్తే మంచి తక్కెడ, సీలు వేస్తారు. రాకపోతే వేలితో ఒకసారి తట్టి చూస్తారు. బిగుసుకున్న ముల్లు ఒక్కోసారి తడితే కదులుతుంది. తట్టినా కదలకపోతే ఎర్రచీటీ, "వాడరాదు." చీటీ మీద లోపమేమిటో పూర్తిగా రాయాలన్నది తొమ్మిదో నిబంధన.

ఆవిడ ఎంత ఖచ్చితమైన మనిషంటే, ఒకసారి సంతలో కూరగాయలమ్మే ఒకామె తక్కెడ కొనేవాళ్ళకి యాభై గ్రాములు ఎక్కువ ఇస్తోందని తేలింది. "ఎక్కువిచ్చినా తప్పేనా తల్లీ?" అని ఆ మనిషి నోరెళ్ళబెట్టింది. "తప్పే," అని ఎర్రచీటీ కట్టి, "ఈ తక్కెడ కొనేవారికి యాభై గ్రాములు ఎక్కువ తూచును" అని లోపం రాసి వచ్చింది. గంట తిరక్కుండా సగం ఊరు ఆ తక్కెడ ముందు బారులు తీరింది. తక్కెడ బాగుచేసేవాడు వచ్చేసరికి తూచడానికి ఒక్క వంకాయ కూడా మిగల్లేదు. ఆ సంగతి ఆఫీసులో చెప్పుకుని ఏడాదిపాటు నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు, తన పని తాను చేశానంతే అనుకుంది.

ఇక అసలు సంగతి. భర్త పోయి తొమ్మిదేళ్ళయిన ఆ ఇన్‌స్పెక్టరమ్మకి ఒక్కతే కూతురు. ఆ కూతురు సైన్యంలో లారీ నడుపుతుంది. ఓడ కదిలితే మొట్టమొదట ఎక్కేవి లారీలు. అభ్యర్థుల ఉద్దేశాల సంగతి దేశానికి కాలక్షేపమేమో గానీ ఆ తల్లికి మాత్రం పిల్ల సంగతి. గెలిచినవాడు సంతకం పెడితే పిల్ల వెళుతుంది, పెట్టకపోతే ఉంటుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్నమాట.

మంగళవారం పొద్దున్నే మొదటి అభ్యర్థి, దుప్పట్ల మిల్లు యజమాని దగ్గరికి వెళ్ళింది. ఆయన గది మగ్గాల హాలు మీద ఉంది. కింద మగ్గాలు ఆడుతుంటే పైన నేల వణుకుతోంది, బల్ల మీద టీకప్పు తనంతట తానే అంచుదాకా నడిచి వెళుతోంది. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూనే దాన్ని వెనక్కి లాగుతున్నాడు. కనుబొమల నిండా దూది.

"యుద్ధం ఎందుకు వద్దంటున్నారండీ?" అని పెన్సిలు పట్టుకుంది.

"అవతలి దేశంవాళ్ళు చలికాలమంతా మా దుప్పట్లే కప్పుకుంటారమ్మా. కప్పుకునేవాళ్ళని చంపుకుంటే దుప్పటి ఎవరి మీద కప్పను?"

అందులో దాపరికం ఏమీ లేదు. రాసుకుంది. కారణమనే రాయి పెట్టడం అయింది, ఇక తియ్యాలి.

"వాళ్ళు రేపటినుంచి మీ దుప్పట్లు కొనడం మానేశారనుకోండి. అప్పుడు?"

మిల్లాయన టీకప్పుని పట్టుకోవడం మర్చిపోయాడు. అది అంచు దాటి కింద పడి పగిలింది. ఆయన చూపు కిటికీలోంచి ఎక్కడికో వెళ్ళి, మెరుస్తూ తిరిగొచ్చింది.

"అక్కడికెళితే మన సైనికులకి చలెయ్యదూ?"

"అడుగుతున్నది నేనండీ..."

"వేస్తుందమ్మా! ఆ చలి ఎముకలు కొరికేస్తుంది. ఒక్కొక్కరికి రెండేసి దుప్పట్లన్నా ఉండాలి. తడిస్తే మార్చుకోడానికి ఇంకోటి! ఇన్నాళ్ళూ ఈ ఆలోచన నా బుర్రకి తట్టనే లేదు సుమండీ. మీ నోట్లో చక్కెర పొయ్య!"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. ఇనప మెట్లు దిగుతూ ఆవిడ రైలింగు పట్టుకుని ఒక నిమిషం ఆగింది. ముల్లు సున్నాకి వచ్చింది, ఆ మాటకొస్తే సున్నా దాటి అవతలికే వెళ్ళింది. తూచేవాళ్ళ చెయ్యి పళ్ళేనికి తగలకూడదు, అది వాళ్ళ వృత్తిలో మహాపాపం. ప్రశ్న పుస్తకంలో ఉన్నదే కదా, నాదేం తప్పు అని సర్ది చెప్పుకుంది. సర్దుకోలేదు.

బుధవారం రెండో అభ్యర్థి సేనాని ఇంటికి వెళ్ళింది. రిటైరైన సేనాని, మీసాలు ముందు గుమ్మం దాటాక మనిషి దాటే రకం. వసారాలో బూట్ల జతలు వరసగా, మడమలు కలిపి, కదలకుండా నిలబడి ఉన్నాయి.

"యుద్ధం వద్దు. ఎందుకంటే బూట్లు సరిపోవు," అన్నాడాయన.

"అర్థం కాలేదండీ."

"సైన్యానికి కొత్త బూట్లు కుట్టించారు. కుట్టినవాడు తన కాలు ఒక్కటే కొలుచుకుని అందరికీ అదే సైజు కుట్టాడని విన్నాను. సరిపోని బూటు వేసుకుని పది మైళ్ళు నడిచిన మనిషి శత్రువుని చంపడమ్మా, బూటు కుట్టినవాణ్ణి చంపుతాడు. నేను నడిచాను. నాకు తెలుసు."

ఆవిడకి మనసు చల్లబడింది. పోనీలే, పిల్లల కాళ్ళ గురించి ఆలోచించే మనిషి ఒకడున్నాడు అనుకుంది. అయినా పని పనే.

"బూట్లు సరిపోతే?"

"సరిపోవు."

"సరిపోయాయనుకోండి..."

"అమ్మా, నలభై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను. సరిపోవు!"

రాయి పళ్ళెంలోంచి రావడం లేదు. ఆవిడ కూడా రాకూడదనే కోరుకుంటోంది. సరిగ్గా అప్పుడే సంచిలో ఫోను మోగింది. మధ్యాహ్నం భోజనాల వేళ కూతురికి పది నిమిషాలు మాట్లాడే వీలుంటుంది.

"మా అమ్మాయండీ, సైన్యంలో ఉంది," అని లేవబోయింది.

"సైన్యమా? ఇక్కడే మాట్లాడు, నేనూ వింటాను," అని సేనాని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అమ్మా, అన్నం తిన్నావా?" అంది అవతల కూతురు. "ఇవాళ మాకు కొత్త బూట్లు ఇచ్చారు."

అడక్కుండా ఉండాల్సింది. కానీ తల్లి కదా, నోరు ఆగలేదు.

"సరిపోయాయా తల్లీ?"

"ఆహా, అచ్చం నా కాలు కొలిచి కుట్టినట్టున్నాయి. నువ్వేం బెంగపెట్టుకోకు."

సేనాని దిగ్గున లేచాడు. మీసం దువ్వాడు. "సరిపోయాయా! మరి ఇంకా ఈ ఆలస్యం దేనికి?" అని గోడ మీద చుట్టి ఉన్న పటాన్ని ఒక్క లాగు లాగాడు. అవతలి దేశం గదంతా పరుచుకుంది. ఆయన రేవు మీద వేలు పెట్టి లారీలు ఎటునుంచి దిగాలో చెప్పుకుపోతున్నాడు. వినడం ఇష్టం లేక ఆవిడ చెవుల్లో గాలి హోరుమంటోందని అబద్ధమాడి బయటపడింది. వీధిలోకొచ్చి ఏడ్చింది కూడా. ఏడుస్తూనే నోటుపుస్తకంలో "ముల్లు సున్నాకి వచ్చింది" అని రాసింది. అంత ఖచ్చితం మరి.

ఇక మిగిలింది గొడుగుల తాత.

ఆయన కొట్టు రెండు పెద్ద భవనాల మధ్య ఇరుక్కున్న సందు. పై నుంచి విప్పిన గొడుగులు వేలాడుతుంటే కింద ఆయన పుల్లలు వంచుతూ, గుడ్డకి టాకాలేస్తూ కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. ఈయన అసలెందుకు నిలబడ్డాడంటే, చుట్టుపక్కలవాళ్ళు సరదాకి "నువ్వు నిలబడు తాతా" అన్నారు, కాదంటే కోప్పడతారేమోనని ఈయన నిలబడ్డాడు.

"బాబాయిగారూ, యుద్ధం ఎందుకు వద్దంటున్నారు?"

"భయం తల్లీ."

ఆవిడ పెన్సిలు ఆగింది. "దేనికి భయం?"

"ఒకటని చెప్పనా? చప్పుడంటే భయం. మంటంటే భయం. మొన్న ఆ మూలన లారీ టైరు పేలితే ఈ బల్ల కింద దూరాను. సాయంత్రం దాకా రాలేదు. గిరాకీలు కూడా కిందికే వంగి మాట్లాడారు."

"మిమ్మల్నెవరూ యుద్ధానికి పంపరు కదా. మీరు ఇక్కడే ఉంటారు."

"నేనుంటాను. వెళ్ళినవాడికి భయంగా ఉంటుందిగా? అది తలుచుకుంటే నాకు భయం."

"వెళ్ళినవాడు ధైర్యవంతుడు అనుకోండి. వాడికి భయం లేదు."

"మరి వాడి అమ్మకో?"

పెన్సిలు చేతిలోంచి జారి గొడుగు పుల్లల్లో పడింది. దాన్ని వెతికే వంకతో కాసేపు తల దించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. మనం గెలుస్తామనుకోండి అంది. ఓడినవాళ్ళకి భయం కదా అన్నాడు. అవతలివాళ్ళు మనకి ఏమీ కారు కదా అంది. ఏమీ కానివాళ్ళంటేనే నాకు ఇంకా భయం, వాళ్ళెలా ఏడుస్తారో కూడా తెలీదు అన్నాడు. అన్ని రాళ్ళూ తీసేసింది. పళ్ళెం ఖాళీ. ముల్లు మాత్రం "వద్దు" దగ్గరే నిలబడి ఉంది.

ఇక మిగిలింది తట్టి చూడటం. అడగాల్సిన ప్రశ్న ఆవిడ నాలుక చివర ఉంది. 'వద్దంటే ఊరుకోం అని ఎవరైనా మిమ్మల్ని బెదిరిస్తే?' కాదనలేక ఎన్నికల్లోనే నిలబడ్డ మనిషికి, కాదనలేక సంతకం పెట్టడం ఎంత పని?

ఆవిడ అడగలేదు. ఇరవయ్యారేళ్ళలో తట్టి చూడకుండా లేచింది ఆ ఒక్కరోజే. మొహమాటం కాదు, మరుపు కాదు. జవాబు వినే ధైర్యం లేక లేచింది.

"మీ గొడుగు పుల్ల వంగింది తల్లీ, ఇలా ఇవ్వు," అని తాత వెనక నుంచి పిలిచాడు. వినపడనట్టు వెళ్ళిపోయింది.

శుక్రవారం పట్టిక పెద్దసారు బల్ల మీద పెట్టింది. పెద్దసారు ఆ శాఖకి అధిపతి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, ఆ మూడు కాళ్ళూ పుస్తకంలో ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

"మిల్లాయన, ముల్లు సున్నాకి వచ్చింది. సీలు. సేనాని, వచ్చింది. సీలు. గొడుగులాయన, రాలేదు." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఎర్రచీటీ."

"సార్, కారణాలు తీసేసినా ఆయన యుద్ధం వద్దంటూనే ఉన్నాడు."

"అదేగా లోపం! పళ్ళెంలో ఏమీ లేకుండా అయిదు కిలోలు చూపించే తక్కెడని కొట్టువాడికిస్తావా?"

"ఇది తక్కెడ కాదు కదా సార్."

"కాకపోతే మన ఆఫీసుకి ఎందుకొస్తుంది?"

ఆవిడకి సంతలో కూరగాయలమ్మే ఆమె మొహం గుర్తొచ్చింది, దాని వెనకే బారులు తీరిన ఊరు గుర్తొచ్చింది.

"సరే సార్. కానీ తొమ్మిదో నిబంధన ప్రకారం లోపం పూర్తిగా రాయాలి."

"రాయకపోతే నేనే ఒప్పుకోను," అన్నాడు పెద్దసారు సంతోషంగా.

రాసింది. పోలింగు రోజున ప్రతి గదిలోనూ పట్టిక వేలాడింది. మొదటి రెండు పేర్ల పక్కన సీసపు సీళ్ళు తళతళలాడుతున్నాయి. మూడో పేరు పక్కన ఎర్రచీటీ. "వాడరాదు. లోపం: ఏ కారణం తీసేసినా యుద్ధం వద్దనుచున్నాడు." జనం చదివారు. ఒకరి భుజం మీంచి ఒకరు మళ్ళీ చదివారు. ఇన్‌స్పెక్టరమ్మ ముందు నిలబడ్డ ఒకావిడ పక్కావిడ చెవిలో, "అప్పుడు సంతలో ఆ తక్కెడ గుర్తుందా?" అంది.

గొడుగుల తాత గెలిచాడు. ఆ కబురు చెప్పడానికి వెళ్ళినవాళ్ళు బల్ల కిందికి వంగి చెప్పాల్సి వచ్చింది.

అయిదు రోజులు గడిచాయి. ఆరోనాడు పొద్దున కూతురి దగ్గరనుంచి వేళకాని వేళ ఫోనొచ్చింది. "లారీలు రేవుకి తెమ్మన్నారమ్మా. ఓడ పక్కన ఉన్నాం. సంతకం ఇవాళ అవుతుందట." గొంతులో ఏమీ తెలియనివ్వలేదు, అలా తెలియనివ్వకపోవడంలోనే తల్లికి అంతా తెలిసింది. సంచి భుజాన వేసుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బస్సెక్కింది.

అధ్యక్షుడి గదిలో ఎవరూ కనపడలేదు, మాటలు మాత్రం వినపడుతున్నాయి. వంగి చూసింది. పెద్ద బల్ల కింద తాత మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాడు. ఆయనకి అటు మిల్లాయన, ఇటు సేనాని. ఓడిపోయినవాళ్ళిద్దరూ సలహాదారులయ్యారు, కాదంటే కోప్పడతారని తాతే పెట్టుకున్నాడు. ముగ్గురి మధ్యా నేల మీద కాగితం, గాజుపెట్టెలోంచి తీసిన నల్ల పెన్ను.

"బూట్లు సరిపోయాయి!" అని సేనాని అరుస్తున్నాడు.

"దుప్పట్లు నేసేశాను!" అని మిల్లాయన అరుస్తున్నాడు.

"తల్లీ, వచ్చావా?" అన్నాడు తాత. "ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది నా బతుకు. సంతకం పెట్టకపోతే వీళ్ళు అరుస్తున్నారు. పెడితే వాళ్ళందరి భయం నా నెత్తిన పడుతుంది. వీళ్ళేమో చెవి పక్కనే ఉన్నారు."

ఆవిడ కూడా బల్ల కింద దూరింది. ఆ ప్రశ్న ఇప్పుడు అడగక్కర్లేదు, జవాబు కళ్ళముందే ఉంది. తడితే ముల్లు కదులుతుంది. కదులుతూనే ఉంది. తాత చెయ్యి పెన్ను మీదికి జరుగుతోంది.

"బాబాయిగారూ, ఒక్క నిమిషం ఆ పెన్ను ఇలా ఇవ్వండి."

వెలుతురులోకి పట్టి చూసింది. పెన్ను పక్కన సన్నటి గాజుకిటికీ, సిరా ఎంతుందో తెలియడానికి దాని మీద నాలుగు గీతలు. గీతలున్న ప్రతి వస్తువూ మన పరిధే. సిరా మూడో గీత దగ్గరుంది. విదిలించి చూసింది. అదే మూడో గీత. మూత తీసి కాగితమ్ముక్క మీద గీసింది. ఒట్టి గాడి పడింది. ఎన్నేళ్ళ కిందట ఎండిపోయి గాజుకి అంటుకున్న సిరాయో అది.

"ఈ పరికరం తప్పు చూపిస్తోంది," అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. సంచిలోంచి తీగ తీసి, ఎవరూ మూత తియ్యకుండా మూతకీ పెన్నుకీ కలిపి రెండు చుట్లు చుట్టింది. సీసపు పూస ఎక్కించింది. పట్టకారుతో నొక్కింది. టక్కుమంది. ఎర్రచీటీ కట్టి, లోపం రాసింది.

"ఏంటమ్మా ఇది!" అన్నాడు మిల్లాయన.

"ఏడాది పాటు దీన్ని వాడకూడదండీ. సీలు తెంచినవాళ్ళకి ఆరు నెలలు జైలు."

"జైలా!" అని తాత పెన్ను మీంచి చెయ్యి లాగేసుకున్నాడు. జన్మలో అంత ఆనందంగా ఎప్పుడూ భయపడి ఉండడు. "బాబోయ్, నేను ముట్టుకోను. జైల్లో చీకటిగా ఉంటుంది. మీరెంత అరిచినా సరే, ముట్టుకోను."

సేనాని మీసాలు అటూ ఇటూ కదిలాయి. నలభై ఏళ్ళు నిబంధనల్లో బతికిన మనిషి. సీలు వంక చూసి, పెన్ను వంక చూసి, "నిబంధన నిబంధనే," అని బల్ల కిందినుంచి పాక్కుంటూ బయటికెళ్ళాడు. మిల్లాయన ఆ దుప్పట్లన్నీ ఏం చేసుకోవాలని ఆయన వెనకే అడుగుతూ వెళ్ళాడు.

శనివారం కూతురు సెలవు మీద ఇంటికొచ్చింది. గుమ్మంలోనే కూలబడి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. విప్పుతున్నకొద్దీ మొహం ముడుచుకుపోతోంది. మేజోడు లాగేసరికి మడమ మీద చర్మం కూడా దాంతోపాటే వచ్చింది. వేళ్ళు ఎర్రగా, ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి.

"ఇదేంటే! సరిపోయాయన్నావుగా?"

"ఎక్కడ సరిపోయాయమ్మా? ఎవరికీ సరిపోలేదు. నీకు చెబితే రాత్రీ పగలూ బెంగపెట్టుకుంటావని అలా చెప్పాను."

ఇన్‌స్పెక్టరమ్మ కూతురి పాదం ఒళ్ళోకి తీసుకుంది. సేనాని కారణం ఎక్కడికీ పోలేదు, రాయి పళ్ళెంలోనే ఉంది. పిల్ల తల్లి మీద ప్రేమతో ఒక అబద్ధమాడింది. తల్లి ఆ అబద్ధాన్ని సేనాని వినేలా చెప్పించింది. మిల్లాయనకేమో దుప్పట్ల దారి తనే చూపించింది. తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి ఇంచుమించు ఒక యుద్ధం తెచ్చిపెట్టారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందొచ్చిందో ఆవిడకే తెలియదు. కొబ్బరినూనె తెచ్చి మడమకి రాస్తుంటే పిల్ల "అబ్బా" అంది. ఆ "అబ్బా" ఇంట్లో వినపడినందుకు ఆవిడకి ప్రాణం లేచివచ్చింది.

"ఏడాది తర్వాత పెన్ను బాగుచేయిస్తారేమోనమ్మా," అంది కూతురు కాసేపటికి.

"వెళ్ళి మళ్ళీ చూస్తాను. గీతలు నాలుగున్నాయి. ఏదో ఒకటి తప్పు చూపించకపోదు."

సోమవారం పొద్దున పెద్దసారు ఆఫీసులోకి వస్తూ ఆవిడ కుర్చీ దగ్గర ఆగాడు. కుర్చీకి ఎర్రచీటీ కట్టి ఉంది. ఆవిడ రాతే. "ఈ ఇన్‌స్పెక్టరును వాడరాదు. లోపం: ముల్లు ఎల్లవేళలా కూతురి వైపు చూపును."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివాడు.

"కూతురి సంగతి పక్కన పెట్టినా సున్నాకి రావడం లేదా?"

"పక్కన పెట్టడానికి రావడం లేదు సార్."

"తట్టి చూశావా?"

"ఈసారి చూశాను సార్," అంది. "కదల్లేదు."